మూడింటికి ఏ తిథి

మొన్న ఆదివారం ఫోన్లో కొత్తగా వేసుకున్న పంచాంగం యాప్ తెరిస్తే, అది ముందు 'మీ ఊరు ఎంచుకోండి' అంది. సింగపూర్ అని నొక్కాను. రెప్ప వేసి తీసేలోగా సూర్యోదయం, తిథి, నక్షత్రం, రాహుకాలం, అన్నీ ఇక్కడి గడియారం ప్రకారం వరసగా వచ్చేశాయి. అలవాటు ఊరుకోదు కదా, పెన్సిలు తీసుకుని సరిచూశాను. తిథి నిమిషంతో సహా సరిపోయింది. సూర్యోదయం దగ్గర ఒక్క నిమిషం తేడా వచ్చింది. ఆ తప్పు నాదో దానిదో ఇంకా తేలలేదు. కానీ నన్ను ఆపింది ఆ నిమిషం కాదు, ఆ ప్రశ్న. ఎదుటివాళ్ళది ఏ ఊరో అడిగాకే వేళ చెప్పాలన్న ఇంగితం ఆ యాప్ రాసినవాళ్ళకి ఎవరు నేర్పారో నాకు తెలీదు. నేను మాత్రం బెడోక్‌లో మా పక్క బ్లాకులో ఉండే ఒక అత్త దగ్గర నేర్చుకున్నాను. అదీ ఆమెని నొప్పించి నేర్చుకున్నాను.

కంప్యూటర్ పని తెలిసినవాడికల్లా విమానం టికెట్టు దొరుకుతున్న రోజుల్లో మేం ఇక్కడికి వచ్చాం. మా ఆయన పని తేదీలు సరిచేయడం. పాత ప్రోగ్రాముల్లో సంవత్సరాన్ని రెండంకెలతోనే రాసుకున్నారట. రెండువేలు రాగానే కంప్యూటర్లు దాన్ని పందొమ్మిది వందలు అనుకుంటాయని అందరికీ భయం. ఒక్క తేదీ తప్పితే బ్యాంకులు ఏమవుతాయో, విమానాలు ఏమవుతాయో అని లోకమంతా ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని ఉంది. ఆయన పొద్దున్నే మెడలో కార్డు వేసుకుని ఆ భయం పోగొట్టడానికి వెళ్ళిపోయేవాడు. పదకొండో అంతస్తు ఫ్లాట్‌లో నాకు మిగిలేవి ఒక కిటికీ, ఒక గోడ గడియారం, సూట్‌కేసులో ఊరగాయ సీసాల మధ్య చుట్టి తెచ్చుకున్న పంచాంగం. డిగ్రీ రెండో ఏడు మధ్యలో పెళ్ళి చేసుకుని చదువు వదిలేసినదాన్ని. లెక్కలు మాత్రం నన్ను వదల్లేదు. మెట్లు లెక్కపెట్టకుండా ఎక్కలేను. లిఫ్టు కింది నుంచి మా అంతస్తుకి రావడానికి ఇరవై రెండు సెకన్లు, మధ్యలో ఎవరైనా ఆపితే ముప్ఫై ఒకటి. ఇలాంటివి ఎవరికీ అక్కర్లేదని నాకు అప్పుడూ తెలుసు.

వచ్చిన మర్నాడు పొద్దున్న ఆరున్నరకి లేస్తే బయట చిమ్మచీకటి. గడియారం పాడైందనుకుని మా ఆయన్ని లేపాను. "గడియారం బానే ఉంది, ఊరే ఆలస్యంగా లేస్తుంది, పడుకో" అని అటు తిరిగి పడుకున్నాడు. మా ఒంగోల్లో ఈ వేళకి పాలవాడు వచ్చి వెళ్ళిపోయి ఉంటాడు. ఇక్కడ ఏడుకి గానీ వెలుగు రాలేదు. ఆ రోజు మొదలుపెట్టి ఏడాది పాటు వంటింటి కిటికీలోంచి చూస్తూ ఒక రూళ్ళ పుస్తకంలో పొద్దు పొడిచిన వేళ రాసుకున్నాను. వాన పడ్డ రోజు గీత పెట్టేదాన్ని. మధ్యాహ్నాలు కింద కార్ పార్కింగు పక్కన ఖాళీ జాగాలో పూలకుండీలో చీపురుకర్ర గుచ్చి నీడ కొలిచేదాన్ని. పన్నెండుకి పొట్టిదవ్వాల్సిన నీడ ఇక్కడ ఒంటిగంట దాటాక పొట్టిదయ్యేది. కింద కాఫీ షాపులో కూర్చునే చైనా అంకుల్ ఒకాయన రోజూ చూసి చూసి ఒకరోజు వచ్చి "ఫెంగ్ షుయ్ ఆ?" అని అడిగాడు, వాళ్ళ వాస్తు అనుకుని. నాకు వచ్చిన ఇంగ్లీషులో సూర్యుడు అని పైకి చూపించాను. ఆయన పైకి చూసి, కర్రని చూసి, నన్ను చూసి, "వెరీ హాట్ లా" అని జాలిపడి వెళ్ళిపోయాడు. పేట లైబ్రరీలో పిల్లల అరలో దొరికిన ఖగోళం పుస్తకాలతో మొదలుపెట్టి పెద్దవాళ్ళ అర దాకా వెళ్ళేసరికి నాకు అర్థమైంది ఏమిటంటే, సింగపూర్ గడియారం ఇక్కడి సూర్యుడికన్నా గంట ముందు నడుస్తుంది. ఇండియా గడియారం కన్నా రెండున్నర గంటలు ముందు. ఈ రెండూ వేరువేరు సంగతులు. మనవాళ్ళు ఈ రెంటినీ కలిపేసి పచ్చడి చేస్తున్నారు.

ఎలాగంటే, అప్పటికి ఊళ్ళో ఉన్న తెలుగువాళ్ళలో పంచాంగం చూసేవాళ్ళు రెండు జట్లు. ఒక జట్టు పుస్తకంలో ఏ వేళ ఉంటే అదే వేళ అనేది. రెండో జట్టు దేనికైనా సరే రెండున్నర కలిపేసేది. సోమవారం రాహుకాలం పుస్తకంలో ఏడున్నర నుంచి తొమ్మిది. కలిపేవాళ్ళకి పది నుంచి పదకొండున్నర. అసలు లెక్క ప్రకారం రాహుకాలం మన పొద్దు నుంచి కొలవాలి కనక ఇక్కడ ఎనిమిదిన్నర నుంచి పది. అంటే సోమవారం ఏడున్నర నుంచి పదకొండున్నర లోపు నువ్వు ఎప్పుడు గడప దాటినా ఎవరో ఒకరి లెక్కలో రాహుకాలమే. ఊరికి ఆ చివర వుడ్‌ల్యాండ్స్‌లో ఉండే ఒకావిడ, ఆమె భర్త చెరో జట్టు కావడంతో కొత్త ఫ్లాట్‌లో పాలు పొంగించడం మధ్యాహ్నానికి జరిగింది. పాలు విరిగిపోయాయి కూడా. రాహువు మీద నాకేమీ గట్టి అభిప్రాయం లేదు. కానీ ఉంటే గింటే ఆయన్ని సరైన వేళకి తప్పించుకోవాలని మాత్రం ఉండేది.

అత్త నాకు పసార్‌లో దొరికింది. పసార్ అంటే ఇక్కడి కూరల మార్కెట్టు. మునక్కాడలు ఏరుతూ నాలో నేను "పన్నెండు, పదమూడు" అని తెలుగులో లెక్కపెట్టుకుంటుంటే వెనకనుంచి "పదమూడు కాడలు ఏటి సేసుకుంతావే పిల్లా, పెల్లా?" అని వినపడింది. తిరిగి చూస్తే అరవై ఐదేళ్ళావిడ, నేత చీర, కాళ్ళకి రబ్బరు చెప్పులు, చేతిలో చక్రాల సంచి. వాళ్ళ తాతగారు విశాఖపట్నం వైపు నుంచి ఎప్పుడో ఓడెక్కి వచ్చారట. ఆవిడ పుట్టింది, పెరిగింది, పెళ్ళాడింది అంతా ఇక్కడే. ఇండియా చూసింది మొత్తం మీద రెండుసార్లు. తెలుగు మాత్రం వాళ్ళ తాత ఓడ దిగిన నాటిదే, మధ్యమధ్య మలయ్ మాటలు, అరవ మాటలు పడుతూ ఉండేవి. పర్వాలేదు అనడానికి 'తక్ అపా' అనేది. ఆమె మొగుడు హార్బర్‌లో సరుకు దించే చోట పనిచేసేవాడు, పోయి పదేళ్ళు దాటింది. పిల్లల్లేరు. వుడ్‌ల్యాండ్స్‌లో ఒక చెల్లెలు ఉంది. నన్ను చూసిన రెండో వారానికే నేను ఆమెకి కోడల్ని అయిపోయాను, ఆమె నాకు అత్త అయిపోయింది. ఆ లేని మావయ్య నాకు మావయ్య అయ్యాడు.

నా రూళ్ళ పుస్తకం చూసి నవ్వనిది ఆవిడొక్కతే. అర్థమయ్యేదాకా అడిగేది. అర్థమయ్యాక నాకన్నా బాగా చెప్పేది. తిథి అంటే సూర్యచంద్రుల మధ్య దూరం, అది ఆకాశంలో ఒకేసారి జరిగే సంగతి కనక ఇండియా వేళకి రెండున్నర కలిపితే ఇక్కడి వేళ వస్తుంది, రాహుకాలమంటే మన పొద్దుని ఎనిమిది భాగాలు చేయడం కనక దానికి కలపకూడదు, అని నేను రెండు కాగితాలు ఖర్చుపెట్టి చెప్పాను. అత్త కాసేపు మునక్కాడ పీచు తీసి, "ఓస్ అంతేనా! ఫోను మోగితే అక్కడా ఇక్కడా ఒక్కపాలే మోగుద్ది. పొద్దు మాత్రం ఎవలింటికి ఆలదే. తిథి ఫోను లాంటిది, రావుకాలం పొద్దు లాంటిది" అంది. నా రెండు కాగితాలూ చింపేయాలనిపించింది. ఆ తర్వాత ఎవరడిగినా నేను ఆ ముక్కే చెప్పేదాన్ని, నాదే అన్నట్టు.

మూడో ఏట మా పేట కమ్యూనిటీ హాల్లో సైన్సు పండగ పెట్టారు. మామూలు జనానికి సైన్సు అర్థమయ్యేలా ఏ భాషవాళ్ళు ఆ భాషలో ఏదో ఒకటి చెప్పాలి. తెలుగువాళ్ళ తరఫున మాట్లాడమని ఇక్కడ యూనివర్సిటీలో పరిశోధన చేస్తున్న అనంతపురం కుర్రవాడిని పట్టుకున్నారు. ఇరవై ఏడేళ్ళుంటాయి, బక్కగా ఉండేవాడు, నన్ను అక్కా అనేవాడు, నేను తమ్ముడూ అనేదాన్ని. 'కాలం' అన్న విషయం ఎంచుకున్నాడు. "అక్కా, నా తర్వాత అర్ధగంట నువ్వు మాట్లాడల్ల. నాది థియరీ, నీది ప్రాక్టికల్" అన్నాడు. జనం ముందు నిలబడి మాట్లాడటం నాకు అదే మొదలు. నెల రోజులు తయారయ్యాను.

ఆదివారం మధ్యాహ్నం హాల్లో అరవై మూడు కుర్చీలు, యాభై ఎనిమిది మంది. తమ్ముడు నలభై స్లైడ్లు చూపించాడు. పాపం వాడికి తెలిసిందంతా అందులో ఉంది, అదే ఇబ్బంది. పదో స్లైడు దగ్గర వెనక వరస ఫోన్లు తీసింది. ఇరవయ్యో దానికి ఒక పెద్దాయన గురక. చివర్లో "ఏమన్నా ప్రశ్నలుంటే అడగండి" అంటే ఒకాయన చెయ్యెత్తి, "బాబూ, మకాన్ ఎన్నింటికి?" అన్నాడు. మకాన్ అంటే భోజనం. హాలంతా నవ్వింది. తమ్ముడు కూడా నవ్వాడు గానీ చెవులు ఎర్రబడ్డాయి.

నేను లేచి అత్త ఫోను ముక్కతో మొదలుపెట్టాను. నిద్రపోయిన పెద్దాయన లేచి కూర్చున్నాడు. రాహుకాలం మూడు లెక్కలూ చెబితే నవ్వులే నవ్వులు. పాలు విరిగిన వుడ్‌ల్యాండ్స్ ఆవిడ తన మొగుణ్ణి మోచేత్తో పొడవడం నాకు కనపడింది. అప్పుడు, ఇంకా గట్టిగా మనసుకి పట్టేలా ఒక ఉదాహరణ చెబుదామని నిరుటి పంచాంగంలోంచి నేను ఏరి పెట్టుకున్న పేజీ బోర్డు మీద రాశాను. మార్గశిర బహుళ పంచమి. అంకెలు చక్కగా కుదిరాయని ఏరుకున్నాను, అంతకుమించి ఏమీ లేదు. "పెద్దవాళ్ళకి తద్దినం పెట్టేటప్పుడు మధ్యాహ్నం దాటాక, మూడింటి వేళకి ఏ తిథి ఉందో చూస్తాం కదా. నిరుడు పంచమి ఇండియాలో మధ్యాహ్నం రెండింటికి వచ్చింది. అక్కడ మూడింటికి పంచమి ఉంది. మరి మనకి? రెండున్నర కలపండి. నాలుగున్నరకి వచ్చింది. ఇక్కడ మూడింటికి ఇంకా చవితే. మర్నాడు అక్కడ ఒంటిగంటకి పోయింది, మనకి మూడున్నరకి. అంటే ఇక్కడ మర్నాడు మూడింటికి పంచమి. పుస్తకం చూసి పెట్టినవాళ్ళు ఒకరోజు ముందే పెట్టేసినట్టు!" అని, ఇంద్రజాలికుడు టోపీ ఎత్తినట్టు సుద్దముక్క పైకెత్తాను. చప్పట్లు కొట్టారు.

ముందు వరసలో అత్త చప్పట్లు కొట్టలేదు. "అయితే ఏ రోజు పెట్టాల?" అని అడిగింది. నాకు ఊపు మీద ఏమీ తట్టలేదు. "మర్నాడత్తా, మర్నాడు" అన్నాను. "ముందురోజు పెట్టింది?" అంది. "అది చవితికి పోయినట్టే" అన్నాను. అత్త "అలాగా" అంది. అంతే. చెంగు సర్దుకుంది. జనం నా చుట్టూ మూగి, నాకు మా నాన్న తిథి రాసివ్వండి, మా ఎంగేజ్‌మెంటు ముహూర్తం చూడండి అని అడుగుతుంటే నేను రాసిస్తూనే ఉన్నాను. మధ్యలో తలెత్తి చూస్తే ఆ కుర్చీ ఖాళీగా ఉంది. టేబుల్ మీద ఆవిడ పొద్దున్న వండి తెచ్చిన పులిహోర గిన్నె అలాగే ఉంది, మూత కూడా తీయలేదు.

ఇంటికొస్తుంటే లిఫ్టులో తట్టింది. మావయ్య పోయింది చలికాలంలో అని ఒకసారి చెప్పింది. తిథి ఏదని నేనెప్పుడూ అడగలేదు. ఆ మార్గశిర పంచమే అయి ఉండాలి. లెక్కపెట్టడం వచ్చినవాళ్ళకి అడగడం అలవాటు ఉండదు. ఎన్ని సెకన్లు పట్టిందో ఆ రోజు లెక్కపెట్టలేదు. ఇంటికి రాగానే పంచాంగం, కాగితం ముందేసుకుని కూర్చున్నాను. మూడుసార్లు చేశాను. "ఏం, తప్పొచ్చిందా?" అన్నాడు మా ఆయన. "లేదు, సరిగ్గానే ఉంది" అన్నాను. "మరి ఆ మొహమేంటి?" "తప్పయితే బాగుండేది." ఆయన, మా ఆఫీసులో తేదీ తప్పితే ముందు ఎంతమందికి నష్టమో చూస్తాం, తర్వాత తప్పెక్కడుందో చూస్తాం అని చెప్పి, తనే టీ పెట్టడానికి వెళ్ళాడు.

అత్త నాలుగు రోజులు పసార్‌కి రాలేదు. ఫోను చేస్తే మోగి మోగి ఆగిపోయింది. తమ్ముడు పుస్తకం తిరిగివ్వడానికి వచ్చినప్పుడు వాడికి చెప్పాను. తన స్లైడ్ల అవమానం కూడా మర్చిపోయాడు. "నిజం తప్పుగా చెప్తే ఏం చేయాల్నో మాకు నేర్పిస్తారక్కా. నిజం నిజంగానే చెప్పి, అది ఒకరికి తగిలితే ఏం చేయాల్నో ఎవురూ నేర్పించలేదు" అన్నాడు. ఐదో రోజు మధ్యాహ్నం రూళ్ళ పుస్తకం చంకలో పెట్టుకుని నేనే వెళ్ళాను. ఏం చెప్పాలో దారిలో లెక్క వేసుకున్నాను. రెండున్నర గంటలంటే రోజులో సుమారు పదో వంతు. అంటే ఈ పద్ధతిలో పదేళ్ళకి ఒకసారి తప్పడం సహజమే, ఎవరికైనా అంతే, అని చెబుదామనుకున్నాను. తలుపు తీసిన మొహం చూశాక ఆ పదో వంతు గొంతులోనే ఉండిపోయింది.

తిట్టలేదు. "రా" అంది. మంచినీళ్ళిచ్చింది. లోపలికెళ్ళి బిస్కెట్ల రేకు డబ్బా ఒకటి తెచ్చి నేల మీద పెట్టింది. అందులో పన్నెండు పంచాంగాలు, ఏటికొకటి, రబ్బరు బ్యాండు వేసి. విశాఖపట్నం చుట్టాలు పంపేవారట. "నిరుడుది తెలిసిపోయింది. మిగతా పదకొండూ సూడు" అంది.

"అత్తా, ఇప్పుడవన్నీ ఎందుకు?"

"నాలుగు రోజుల్నించి అన్నం సయించడం లేదు పిల్లా. ఒకటి తప్పితే ఒకటి. అన్నీ తప్పీసేనేమో. సెప్పు. దాచకు."

ఇద్దరం నేల మీద కూర్చున్నాం. ఆవిడ పేజీ తీసేది, మార్గశిరం వెతికేది, వేలు పెట్టి చూపించేది. నేను రెండున్నర కలిపేదాన్ని. జీవితంలో ఎన్నో కూడికలు చేశాను గానీ ఒక్కొక్క కూడిక దగ్గర పక్కనున్న మనిషి ఊపిరి ఆగడం అప్పుడే విన్నాను. మొదటి ఏడు బాగుంది. రెండోది బాగుంది. "బాగుంది" అన్న ప్రతిసారీ అత్త ఆ పుస్తకం తీసి కళ్ళకద్దుకుని డబ్బాలో పెట్టేది. ఏడోదాని దగ్గర నా పెన్సిలు ఆగింది. ఆ ఏడు పంచమి ఇక్కడి వేళకి మూడు గంటల పది నిమిషాలకి వచ్చింది. అత్త మూడింటికి ఆకు వేస్తుంది. పది నిమిషాలు. నేను నోరు మూసుకుని బాగుంది అంటే సరిపోయేది. ఆకాశంలో ఎవరూ వచ్చి అడగరు. కానీ ఆవిడ దాచకు అంది.

"పది నిమిషాలు ముందు పెట్టావత్తా" అన్నాను.

అత్త నా మొహంలోకి చూసింది. ఆ రోజు మొదటిసారి ఆ పెదవుల మీద నవ్వులాంటిది కదిలింది. "పది నిమిసాలా? వొండీసిన అన్నం పొగలు కక్కుతుంటే పెడతానేటే? వడ్డించీసి, ఇసనకర్రతో ఇసిరి, సల్లారాక రమ్మని దండం పెడతాను. ఆయనకి వేడన్నం పడదు. పది నిమిసాలేటి, పావుగంట అవుద్ది. రాసుకో, బాగుంది." రాసుకున్నాను. లెక్కలో నాకు తెలియని అంకె ఒకటి ఆవిడ దగ్గర ఉంది.

మిగతా నాలుగూ బాగున్నాయి. పన్నెండిట్లో ఒక్క నిరుడే మిగిలింది, డబ్బా బయట. అత్త దాన్ని ఒళ్ళో పెట్టుకుని అట్ట నిమురుతూ కూర్చుంది. కింద ప్లేగ్రౌండులో పిల్లలు ఇంగ్లీషులో అరుచుకుంటున్నారు. "ఆ ఏడు ఆకలితో ఎల్లిపోనాడంటావా?" అంది.

అవునని చెప్పడం ఎంత తప్పో, అలాంటిదేమీ ఉండదులే అని కొట్టిపారేయడమూ అంతే తప్పని ఆ క్షణాన అనిపించింది. "అత్తా, తిథి ఎప్పుడొస్తుందో నాకు తెలుసు. మావయ్య ఎప్పుడొస్తాడో నాకు తెలీదు. ఆ లెక్క నాకు రాదు" అన్నాను. అనేసరికి నాకే ఏడుపొచ్చింది.

అత్త నాతో కాకుండా ఆ పంచాంగంతో చెబుతున్నట్టు మొదలుపెట్టింది. హార్బర్‌లో ఓడ వస్తే డ్యూటీకి వేళాపాళా ఉండేది కాదట. మధ్యాహ్నం వస్తానన్న మనిషి మర్నాడు పొద్దెక్కాక వచ్చేవాడట. "ఏనాడైనా టయానికి అన్నానికి వచ్చీవోడా? పెళ్ళైన కొత్తలో ఏడ్సీదాన్ని. తర్వాత తక్ అపా అనుకుని కంచంలో పెట్టీసి మూత వేసీసి ఉంచీదాన్ని. ఎప్పుడో ఒచ్చి, మూత తీసి, సల్లన్నం మారు మాటాడకుండా తినీసి పడుకునీవోడు. లేపితే తిట్టీవోడు" అంది. ఆగింది. నా వైపు తిరిగింది. కళ్ళు వెలిగాయి. "పిల్లా, నిరుడు నాకు ఒంట్లో బాగోలేదు. వొండింది వొండినట్టే ఉండిపోయింది. కాకికి పెట్టగా మిగిలిందంతా గిన్నెలో వేసి మూత పెట్టీసినాను. మర్నాడు సాయంత్రం దాకా అలాగే ఉంది, బల్ల మీద. మర్నాడు మూడింటికి పంచమి ఉందన్నావు కదూ?"

"మూడున్నర దాకా ఉందత్తా."

"అయితే తినీసే ఉంటాడు" అంది. నిరుటి పంచాంగం కళ్ళకద్దుకుని డబ్బాలో పెట్టి మూత నొక్కింది. "సుదా" అంది. అయిపోయింది అని. లేచి వెళ్ళి ఇద్దరికీ అన్నం వడ్డించింది. మునక్కాడల పులుసు. నాలుగు రోజుల ఆకలంతా ఆవిడ తింటుంటే నేను చూస్తూ కూర్చున్నాను. ఎన్ని ముద్దలో లెక్కపెట్టలేదు.

ఆ ఏడు మార్గశిరంలో నేను రాసిచ్చిన రోజున, రాసిచ్చిన వేళకి అత్త ఆకు వేసింది. పక్కనే ఒక గిన్నెలో అన్నం పెట్టి మూత వేసి మర్నాటి దాకా ఉంచింది. అదెందుకని అడిగితే, "ఆకు నీ లెక్కకి, గిన్నె ఆయన అలవాటుకి" అంది. తర్వాత ఆరేళ్ళు ఆ హాల్లో మేమిద్దరం కలిసే బల్ల వేసుకుని కూర్చున్నాం. తమ్ముడు స్లైడ్లు మానేసి మా పూలకుండీ, చీపురుకర్ర తీసుకుని బయట ఎండలో నిలబడి, నీడ ఎప్పుడు పొట్టిదవుతుందో ముందు మీరే చెప్పండి అని జనం చేత సుద్దతో గీతలు గీయించేవాడు. గీత గీసినవాళ్ళెవరూ ఒంటిగంట దాటేదాకా భోజనానికి కదిలేవారు కాదు, మకాన్ ఎప్పుడని అడిగిన పెద్దాయనతో సహా. నా దగ్గరికి ఎవరైనా తిథి అడగడానికి వస్తే నేను పెన్సిలు కింద పెట్టి, ఎవరిది, మీరు ఇంట్లో ఎలా చేసుకుంటారు అని అడిగేదాన్ని. వాళ్ళు చెప్పేది సగం విన్నాక గానీ కూడిక మొదలుపెట్టేదాన్ని కాదు. ఒక్కొక్కసారి ఆ సగంలోనే వాళ్ళకి కావలసింది దొరికిపోయేది, నా కూడిక అక్కర్లేకుండానే వెళ్ళిపోయేవారు.

మోకాళ్ళు పట్టేశాక అత్త వుడ్‌ల్యాండ్స్‌లో చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోయింది. అక్కడినుంచి ప్రతి ఏడూ కార్తీకం వెళ్ళగానే ఫోను చేసేది. పలకరింపులేమీ ఉండేవి కావు. "ఈ ఏడు ఎప్పుడే?" నేను రోజూ వేళా చెప్పేదాన్ని, ఆవిడ ఒకసారి తిరిగి చెప్పేది, పెట్టేసేది. పదకొండేళ్ళు చేసింది. పన్నెండో ఏడు నేను అలవాటుగా ముందే లెక్క వేసి, తేదీ, వేళ రాసిన కాగితం టెలిఫోను పక్కన పెట్టుకున్నాను. పౌర్ణమి వెళ్ళింది, చవితి వచ్చింది, నేనే చేశాను. చెల్లెలు ఎత్తింది. మాట్లాడలేక మాట్లాడుతూ, కబురు చెప్పడానికి నా నంబరు ఎక్కడ రాసుందో తెలియలేదంది. ఆ కాగితం ఇప్పటికీ ఉంది. మొన్న తీసి యాప్‌తో సరిచూశాను, ఒక్క నిమిషం కూడా తేడా లేదు. ఎవరో ఒకరు అడుగుతున్నంత కాలమే అది వేళ, ఆ తర్వాత ఉత్త అంకె.